బల్లకు ఇవతలి వైపు

మా ఆఫీసు బ్రేక్ రూమ్‌లో ఒక బల్ల మీద ఎప్పుడూ ఏదో ఒక జిగ్సా పజిల్ పరచి ఉంటుంది. కాఫీ కోసం వచ్చినవారు నిలబడే ఒకటో రెండో ముక్కలు అమర్చి వెళ్ళిపోతారు. అరిజోనాలోని ఈ చాండ్లర్ ఎండలకు బయట అడుగు పెట్టలేని నెలల్లో మాకున్న కాలక్షేపం అదొక్కటే. పోయినవారం ఎవరో కొత్త పెట్టె తెరిచారు. మూత మీది బొమ్మ చూడకముందే, అంచు ముక్కల్లో కనిపించిన తెల్లటి బల్లగుడ్డ మడతలను బట్టి అది ఏ చిత్రమో పోల్చుకున్నాను. పొడవాటి బల్ల, మధ్యలో ప్రభువు, అటూ ఇటూ శిష్యులు; గోడ మీదో క్యాలెండరు మీదో లోకమంతా చూసిన ఆ చివరి విందు. పక్కనే ఉన్న సహోద్యోగి బొమ్మలోని గది గోడల గీతలన్నీ పొడిగిస్తే ప్రభువు తల దగ్గరే కలుస్తాయని చెప్పాడు. అది నిజమే. అవునన్నాను. కానీ చేతిలోని ముక్క చేతిలోనే ఉండిపోయింది. ఎవరూ నన్ను ఏమీ అనకుండానే, ఏదో అన్నట్టుగా తల దించుకుని నా సీటుకు వచ్చేశాను.

జ్ఞాపకాన్ని నేను సాక్ష్యంగా అంగీకరించను. ఒక పరికరం చూపిన కొలతను మరొక పరికరంతో సరిచూడడమే నా ఉద్యోగం. సరిచూడనిదాని మీద సంతకం పెట్టను. కాబట్టి ఇక్కడ రాస్తున్నదాన్ని కూడా వీలైనంతవరకు సరిచూశాను. కొన్ని సంగతులు నాన్నను అడిగాను, కొన్ని తమ్ముణ్ణి అడిగాను. అమ్మను అడగలేదు.

అప్పట్లో మేము వర్జీనియాలో, హెర్న్‌డన్‌లో ఉండేవాళ్ళం. ఒకదానికొకటి ఆనుకుని కట్టిన ఇళ్ళ వరుసలో మాదొకటి. ఇండియాకు మాట్లాడాలంటే ఫోన్ కార్డు గీకి, దాని మీది అంకెలు నొక్కి, లైను తెగిపోకముందే అరిచి మాట్లాడవలసిన రోజులు. షాంటిలీలోని ఇండియన్ దుకాణంలో ఇంగువ, అగరొత్తులు, తడిసిన అట్టపెట్టెలు కలిసిన వాసన వచ్చేది. బియ్యంతో పాటు సినిమా క్యాసెట్లు అద్దెకు తెచ్చుకునేవాళ్ళం. ఆ దుకాణం ఇప్పుడు లేదు. ఆ వాసన మరెక్కడైనా ఉందేమోనని చాలా దుకాణాల్లో వెతికాను. విడివిడిగా అన్నీ ఉన్నాయి, కలిసి ఎక్కడా లేవు.

ఆ ఏడు శీతకాలం ఇంకా పూర్తిగా రాకముందే తాతయ్య, అంటే అమ్మ వాళ్ళ నాన్న, ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. కృష్ణ ఒడ్డున ఒక పాలెంలో పుట్టి, మిషన్ స్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. అమ్మమ్మ అప్పటికే లేదు. ఆయన సామానులో ఒక పొడవాటి ప్లాస్టిక్ గొట్టం ఉంది. విమానాశ్రయంలో అధికారి దాన్ని అనుమానంగా చూసి పచ్చడా అని అడిగితే, తాతయ్య "నో పికిల్ సార్, ఓన్లీ పిక్చర్" అన్నారట. ఈ కథను ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. చెప్పిన ప్రతిసారీ ఆ అధికారి మరికాస్త పొడుగయ్యేవాడు.

గొట్టంలో ఉన్నది ఒక గుడ్డ. వయసులో ఉన్నప్పుడు క్యాలెండరు చూసి, పొడి రంగులు బంకలో కలిపి, తెల్ల దుప్పటి మీద ఆయన స్వయంగా వేసిన చివరి విందు. చుట్ట విప్పితే కలరా ఉండల వాసన, దాని వెనకాల పాత బంక వాసన గుప్పుమనేవి. చుట్టుపక్కల పాలేల్లో ఆదివారం బడి పిల్లలకు ఈ పటం గోడకు తగిలించి, కర్రతో ఒక్కొక్క ముఖాన్నీ చూపిస్తూ పాఠం చెప్పేవారట. ఆయన శిష్యులు క్యాలెండరు మీది శిష్యుల్లా ఉండరు. ఒకాయన భుజం మీద కండువా ఉంది. ఒకాయనకు మా అమ్మ ముక్కే ఉంది. బల్ల మీద ఉన్నవి జొన్నరొట్టెలని ఎవరికైనా తెలుస్తుంది.

బేస్‌మెంట్‌లో సోఫా వెనక గోడకు దాన్ని తగిలించారు. బడి నుంచి రాగానే నేనూ తమ్ముడూ అక్కడే చేరేవాళ్ళం. తాతయ్య మరమరాల్లో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తరిగి కలిపి, దాని మీద నిమ్మకాయ పిండి ఇచ్చేవారు. ఆ చిత్రంలో కత్తి పట్టుకున్న చెయ్యొకటి ఎవరిదో చప్పున అంతుపట్టదు. అది ఎవరిదో కనిపెట్టడం మా ఇద్దరి ఆట. ఒకరోజు తమ్ముడు ఆ చేతి పక్కన తన డైనోసార్ స్టిక్కరు అంటించాడు. తాతయ్య కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు పరిశీలించారు.

"పద్నాలుగోవాడు వచ్చాడే! రానీ, రానీ. రొట్టెలు సరిపోతాయిలే" అన్నారు.

దాన్ని పీకెయ్యలేదు. ఆ స్టిక్కరు ఇప్పటికీ ఆ గుడ్డ మీదే ఉంది, అంచులు లేచాయి.

ఆ రోజుల్లో నేను ఎవరేం చెప్పినా "ఎవరు చెప్పారు?" అని అడిగేదాన్ని. సైన్సు ఫెయిర్‌లో బహుమతి వచ్చిన మరుసటి ఏడాది అది. టీచర్లు మెచ్చుకునే ఆ ప్రశ్న ఇంట్లో మాత్రం అందరినీ విసిగించేది. తాతయ్య ఒక్కరే దానికి జవాబు చెప్పే ప్రయత్నం చేసేవారు.

"చూశావా అమ్మలూ, అందరూ బల్లకి అవతలే కూర్చున్నారు. ఇవతల ఒక్కడూ లేడు. ఎందుకంటావ్?"

"ముఖాలు కనపడాలని. గ్రూప్ ఫొటోలో అందరూ ఒకవైపే కదా నిలబడేది."

"అది బొమ్మ వేసేవాడి లెక్క. దేవుడి లెక్క వేరే. ఇవతలి వైపు మనకోసం వదిలేశారు. పిలుపు అందని వాళ్ళెవరున్నారో, వాళ్ళ కోసం."

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలే? చూస్తే తెలియట్లా?"

చూస్తే తెలియడం నాకు చాలదు. శనివారం నాన్నతో లైబ్రరీకి వెళ్ళి, ఇంటికి ఇవ్వని లావుపాటి పుస్తకాలున్న అరలో ఆ చిత్రం గురించి వెతికాను. అది సన్యాసులు భోజనం చేసే గది గోడ మీద వేసినదని తెలిసింది. తర్వాత్తర్వాత అదే గోడకు తలుపు కొట్టించేసరికి ప్రభువు పాదాలు పోయాయని తెలిసింది. వీటికి మించిన సంగతి మరొకటి దొరికింది. అంతకుముందు ఇదే విందును గీసిన చాలామంది చిత్రకారులు బల్లకు ఇవతలి వైపు ఒకే ఒక్క మనిషిని కూర్చోబెట్టారు. ప్రభువును పట్టించిన శిష్యుడు వాడు. చూసేవారికి దోషి ఎవరో వెంటనే తెలియాలని, వాణ్ణి ఒక్కణ్ణీ వేరుగా, అందరికీ ఎదురుగా కూర్చోబెట్టేవారు.

ఆ సాయంత్రం తాతయ్య వంటగది బల్ల దగ్గర గోంగూర ఆకులు తుంచుతున్నారు. అమ్మ స్టవ్ దగ్గర ఉంది. నేను గెలిచినట్టుగా చెప్పాను:

"తాతయ్యా, మీరు చెప్పింది తప్పు. ఆ ఖాళీ మనకోసం కాదు. పాత బొమ్మల్లో అది ద్రోహి కూర్చునే చోటు. నేను పుస్తకంలో చూశాను."

ఆయన చేతులు ఆగిపోయాయి. కాడ ఒక చేతిలో, ఆకు ఒక చేతిలో.

"ద్రోహి చోటా అది?"

"అవును. కావాలంటే ఫొటోకాపీ చూపిస్తా."

"వద్దులే అమ్మా. నువ్వు చూశావుగా" అన్నారు.

తర్వాత ఆయన గోంగూర తుంచలేదు. నేను తుంచాను. ఆ రాత్రి పప్పులో పుల్లదనం తక్కువైందని నాన్న అన్నారు. రెండు మూడు రోజుల పాటు ఆయన పటం వైపు చూడకుండా, సోఫాలో ఆ గోడకు వీపు పెట్టి కూర్చునేవారు. అన్నేళ్ళుగా అన్ని పాలేల్లో చెప్పిన పాఠం తప్పని తేలిన మాస్టారు ఎలా ఉంటారో ఊహించే వయసు కాదు నాది. నా సమాచారం సరైనదే కాబట్టి నా పని అయిపోయిందనుకున్నాను.

నాలుగో రోజో ఐదో రోజో, నేను బడి నుంచి రాగానే ఆయన మెట్ల మీదే ఎదురయ్యారు. గడ్డం మీద సబ్బు నురుగు, చేతిలో బ్రష్షు. సగం గీసుకుని, ఏదో తట్టి లేచి వచ్చేశారన్నమాట.

"అమ్మలూ, మరి మన బొమ్మలో వాడెక్కడున్నాడు?"

"ఎవరు?"

"ద్రోహి!"

"అవతల. అందరితో పాటే. చేతిలో సంచి ఉంటుందే, ఆయన."

"అంటే ఈ చిత్రకారుడు వాణ్ణి ఇవతలి నుంచి లేపి, అవతలికి తీసుకెళ్ళి, అందరి మధ్యా కూర్చోబెట్టాడు! వాడేం చేయబోతున్నాడో తెలిసే కూర్చోబెట్టాడు. వేరే బంతి ఎత్తేశాడమ్మా, వేరే బంతి ఎత్తేశాడు!"

"అది కూడా డ్రామా కోసమే అని పుస్తకంలో..."

"కాసేపు ఆగవే తల్లీ, నన్ను సంతోషపడనీ" అని నవ్వారు. నురుగు చొక్కా మీద పడింది.

"వేరే బంతి అంటే ఏంటి తాతయ్యా?"

ఆయన నోరు తెరిచేలోగా వంటగదిలోంచి అమ్మ గొంతు వినబడింది. "ఏం లేదు. పో, హోంవర్క్ చేసుకో." అమ్మ గొంతులో కోపం లేదు, మరేదో ఉంది. అదేమిటో పోల్చుకోలేకపోయాను.

మా తెలుగు చర్చి ఒక అమెరికన్ చర్చి హాలులో, వాళ్ళ ఆరాధన ముగిశాక మధ్యాహ్నం జరిగేది. వారమంతా డేటాబేసులు చూసుకుని ఆదివారం ప్రసంగించే పాస్టర్ గారు ఒక సాయంత్రం మా ఇంటికి టీకి వచ్చి, బేస్‌మెంట్‌లో ఆ పటం చూశారు. చూసి కప్పు కింద పెట్టారు.

"మాస్టారండీ, ఈసారి ప్రేమవిందుకి ముందు వాక్యం మీరే చెప్పాలి. ఈ పటం కూడా తీసుకురండి. మన పిల్లలకి చాలా ఇంట్రెస్టింగ్‌గా ఉంటుంది."

"నాదంతా పల్లెటూరి భాషండీ."

"అదే కావాలండీ."

వచ్చిన దగ్గర్నుంచీ తాతయ్య ఎక్కడికి వెళ్ళాలన్నా ఎవరో ఒకరు కారులో తీసుకెళ్ళాలి. ఏం కొనాలన్నా ఎవరో ఒకరు అడిగి పెట్టాలి. నలుగురిలో నిలబడి మాట్లాడడం ఆయనకు ఈ దేశంలో అదే మొదటిసారి. తిరుగు ప్రయాణానికి ఎక్కువ రోజులు లేవు కాబట్టి, బహుశా అదే చివరిసారి కూడా. అద్దం ముందు పెదవులు కదుపుతూ అభ్యాసం చేసేవారు. ఇస్త్రీ తనే చేసుకుంటానని పట్టుబట్టి చొక్కా కాలర్ కాస్త మాడ్చారు.

మా ఇంట్లో వేడిగాలి వచ్చే గొట్టాల గుండా వంటగది మాటలు బేస్‌మెంట్‌లోకి దిగేవి. ఆ వారంలోనే నేను విన్న మాటలివి.

"బొమ్మ గురించి ఎంతసేపైనా చెప్పండి నాన్నా. ఊరి సంగతులు మాత్రం వద్దు."

"దాన్ని మొదట ఎక్కడ చూశానో చెప్పకుండా బొమ్మ గురించి ఏం చెప్పనమ్మాయీ?"

"అక్కడికి అన్ని రకాలవాళ్ళూ వస్తారు. ఇన్నాళ్ళూ వాళ్ళు అడగలేదు, మేం చెప్పలేదు."

"చర్చిలో కూడానా?"

"చర్చిలోనే! చర్చయితే మాత్రం మనుషులు కారా? వాళ్ళ పిల్లలూ నా పిల్లలూ ఒకే బస్సెక్కి వెళ్తున్నారు. నాకది చాలు. దాన్ని పాడు చెయ్యకండి."

మధ్యలో నాన్న ఏదో సర్దబోయారు. "మావయ్యగారి ఇష్టానికి వదిలెయ్" అన్నట్టున్నారు. "మీరు ఊరుకోండి" అంది అమ్మ. తర్వాత కాస్త నెమ్మదిగా, "ఇంటర్‌ప్రెట్ చేసేది మీ మనవరాలే. దాని నోటితో ఏమనిపించాలో మీరే ఆలోచించుకోండి" అంది.

కుళాయి తిప్పిన చప్పుడు వినబడింది.

ఆయన ఏ సంగతి చెప్పకూడదో నాకు తెలియదు. కానీ ఒకటి చెప్పాలని ఆయన, వద్దని అమ్మ పట్టుబట్టారనీ, ఆదివారం ఎవరి మాట నెగ్గితే రెండోవారు ఓడిపోతారనీ తెలిసింది. అమ్మ నన్నెందుకు మధ్యలో నిలబెట్టిందో మాత్రం చాలా ఏళ్ళకు గాని అర్థం కాలేదు. నా నోటితో అనిపించవలసి వస్తే ఆయన తనంతట తానే మానుకుంటారని ఆమె లెక్క.

తెలుగు సంఘాల్లో ప్రసంగాన్ని వాక్యం వాక్యంగా తర్జుమా చేసే పద్ధతి ఉంది. ప్రసంగించేవారు ఒక మాట అని ఆగుతారు, పక్కన నిలబడ్డవారు దాన్ని ఇంగ్లీషులో అంటారు. పాస్టర్ గారు నాకు మొదటే నేర్పిన నియమం ఒకటుంది. తర్జుమా చేసేవాళ్ళు "ఆయన అంటున్నారు" అనకూడదు. ప్రసంగికుడు "నేను" అంటే మనమూ "నేను" అనాలి. వాక్యాన్ని దాటవెయ్యకూడదు, కలపకూడదు, తగ్గించకూడదు. ఆ పనిలో నన్ను మించినవాళ్ళు లేరని అందరూ అనేవారు. నేనూ అనుకునేదాన్ని.

ఆ ఆదివారం హాల్లో పాత కార్పెట్టు, నిలవ కాఫీ వాసనల మీద అల్యూమినియం ట్రేల్లోని కోడికూర, మసాలా అన్నం వాసన కమ్ముకుంది. మడత బల్లలు వరుసగా వేశారు. పటాన్ని ఒక బోర్డుకు క్లిప్పులతో తగిలించారు. ముందు వరుసలో నా వయసు పిల్లలు, వెనక పెద్దలు, మూడో వరుస చివర అమ్మ.

తాతయ్య చక్కగా మొదలుపెట్టారు. పికిల్, పిక్చర్ కథ చెప్పారు, అందరూ నవ్వారు. ఒక్కొక్క శిష్యుడి చెయ్యి ఏమంటోందో కర్రతో చూపించారు. నేను వాక్యం వాక్యం అప్పజెప్పాను. తర్వాత ఆయన కర్ర కింద పెట్టి, అమ్మ ఉన్న వైపు ఒకసారి చూసి, చొక్కా కాలర్ సర్దుకున్నారు.

"నా చిన్నతనంలో ఊళ్ళో పెద్దింట్లో పెళ్ళి జరిగింది" అన్నారు.

నేను ఇంగ్లీషులో అన్నాను.

"మా పాలెం వాళ్ళని కూడా భోజనానికి పిలిచారు. అందరూ తిన్న తర్వాత పిలిచారు."

అన్నాను.

"నన్ను పశువుల కొట్టం పక్కన కూర్చోబెట్టారు. విస్తరాకు నేనే ఇంటి నుంచి తెచ్చుకున్నాను."

"నన్ను పశువుల కొట్టం పక్కన కూర్చోబెట్టారు" అని నేను ఇంగ్లీషులో అనేసరికి ముందు వరుసలో పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆవుల పక్కన పిక్నిక్ అనుకున్నారు. నేనూ కొంచెం నవ్వాననుకుంటాను.

"వడ్డించేవాళ్ళు వంగేవాళ్ళు కాదు. నిలబడి పైనుంచి వేసేవాళ్ళు. అన్నం పైనుంచి పడుతుంటే నాకు భలే సరదాగా ఉండేది. నవ్వాను. మా అమ్మ నా వీపు మీద ఒక్కటేసింది."

అన్నాను.

"గరిటె నాకు తగిలితే మైల పడుతుందని అలా వేసేవాళ్ళు."

ఆ మాట అని ఆయన నా వైపు తిరిగి, మైకుకు దూరంగా జరిగి, "ఇది చెప్పక్కర్లేదమ్మలూ" అన్నారు.

హాలులో పెద్దవాళ్ళెవరూ కదలడం లేదు. వాళ్ళకు నా తర్జుమా అవసరం లేదు. పిల్లలు మాత్రం నా ముఖంలోకి చూస్తున్నారు. నేను అప్పటిదాకా ఒక్క వాక్యాన్ని కూడా దాటవెయ్యలేదు. ఆ ఒక్కటి వదిలితే లెక్క తప్పుతుందనిపించింది. తడుముకోకుండా, స్పష్టంగా, నియమం ప్రకారం అన్నాను. నన్ను తాకితే ఆ గరిటె అపవిత్రమవుతుంది కాబట్టి అలా వేసేవారు అని. "నన్ను" అనే మాట మైకులోంచి వెళ్ళి అవతలి గోడకు తగిలి నా చెవికి తిరిగి వచ్చేటప్పటికి నాకు అర్థమైంది. బళ్ళో సాంఘికశాస్త్రం పుస్తకంలో ఇండియాలోని అంటరానితనం గురించి ఒక పెట్టెలో రాసిన నాలుగు వాక్యాలున్నాయి. టీచరు వాటి గురించి అడిగితే, అది పూర్వం ఎవరికో జరిగిన సంగతి అని నేనే చెప్పాను. ఆ ఎవరో మా తాతయ్య. అమ్మ. నేను. ఎవరో చెప్పగా తెలుసుకోలేదు. నా నోటితోనే నాకు చెప్పుకున్నాను, నా స్నేహితులందరి ముందు, మైకులో.

మూడో వరుస చివర అమ్మ తన చేతులకేసి చూసుకుంటోంది.

ఆ తర్వాతి భాగం నాకు గుర్తులేదు. తర్జుమా పూర్తిచేశానని నాన్న అంటారు. మధ్యలో నేను ఆగిపోతే పాస్టర్ గారు అందుకున్నారని తమ్ముడంటాడు. రెండూ సరైనవి కాలేవు. తాతయ్య ఏం చెప్పారో మాత్రం నాన్నకు బాగా గుర్తుంది. ట్రైనింగ్ స్కూలు భోజనశాలలో ఆయన మొదటిసారి బల్ల ముందు కూర్చున్నారట. ఎదుటి గోడ మీద ఈ చిత్రం ఉందట. అన్నం పళ్ళెం ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి వస్తూ ఆయన దగ్గరికి రాగానే, నమ్మకం కుదరక దాన్ని అలాగే పట్టుకుని కూర్చుంటే, పక్కనున్న కుర్రాడు "ఇటియ్యరా బాబూ, ఆకలేస్తోంది" అన్నాడట. "నాకు ప్రభువు దొరికింది ఆ మాటలోనే" అన్నారట తాతయ్య. తర్వాత నేను లైబ్రరీలో కనుక్కున్న సంగతి నా పేరు పెట్టి మరీ చెప్పి, "ద్రోహిని సైతం వేరే కూర్చోబెట్టని బల్ల ఇది" అని ముగించారట.

భోజనాలయ్యాయి. తాతయ్య ఉన్న బల్ల దగ్గరికి మొదట చాలాసేపు ఎవరూ రాలేదు. ఇది నేను చూశాను. కానీ దీన్నుంచి ఏదీ తేల్చను. ఆ బల్ల వడ్డన చోటుకు అన్నిటికన్నా దూరంగా ఉంది. రెండు కుటుంబాలు పిల్లవాడికి సాకర్ ఉందని తినకుండానే వెళ్ళిపోయాయి. సాకర్ నిజంగానే ఉంది, తర్వాత కనుక్కున్నాను. ఒక ఆంటీ పెరుగన్నం గిన్నెతో వచ్చి ఆయన పక్కన కూర్చుని, "మాస్టారండీ, మీ శిష్యుల్లో ఒకాయన అచ్చం మా ఆడపడుచు మొగుడిలా ఉన్నాడండీ, ఎప్పుడు చూసినా అలిగినట్టే!" అంటే ఇద్దరూ నవ్వారు. ఒక అంకుల్ మాత్రం చెయ్యి కడుక్కోవడానికి వెళ్తూ వంగి, ఆయన చెయ్యి గట్టిగా నొక్కి, "మా తాతగారిదీ ఇదే కథండీ" అని గొణిగి, "ఇక్కడ ఎవరికీ తెలీదు, మళ్ళీ అనకండేం" అన్నాడు.

ఇంటికి వచ్చే దారిలో కారు ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడు అమ్మ, వెనక్కి తిరగకుండానే, "ఈ ఒక్క తరమైనా తెలియకుండా పెరగాలనుకున్నాను నాన్నా" అంది.

"నేనూ నిన్ను అలాగే పెంచాననుకున్నానమ్మాయీ. నీకెవరు చెప్పారు?"

ముందు అద్దంలో అమ్మ ముఖం చూశాను. ఏడవడం లేదు. ఎవరో పెద్దగా పేరు పెట్టి పిలిచినప్పుడు, జనంలో దొరికిపోయిన మనిషి ముఖంలా ఉంది. నాదీ అలాగే ఉండి ఉంటుంది.

మరునాడు సోమవారం. మా వీధి మలుపులో స్కూలు బస్సు ఆగేచోటికి తాతయ్య ఎప్పటిలాగే మాతో వచ్చారు. మంకీ క్యాపు, నాన్న పాత కోటు, కింద పంచె. చర్చికి వచ్చే నా స్నేహితురాలు కూడా అక్కడే బస్సెక్కేది. ముందు వరుసలో కూర్చున్నవాళ్ళలో తనూ ఒకతె. పరుగున వచ్చి, సంచి కింద పడేసి, నిజంగానే తెలుసుకోవాలన్న కుతూహలంతో, తన అమెరికన్ యాసలో గడగడా అడిగింది:

"నిన్న నువ్వు నేను, నేను అని చెప్పావ్ కదా, ఆ ఆవుల దగ్గర... అది నువ్వా? మీ తాతయ్యా? మా మామ్ నన్ను అడగొద్దు అంది. బట్ నాకు తెలీలేదు."

బస్సు కోసం నిలబడ్డ మిగిలిన పిల్లలు మా వైపు తిరిగారు.

"తాతయ్య. నేను కాదు. నేను ట్రాన్స్‌లేట్ చేశానంతే" అన్నాను.

ఇంగ్లీషులోనే అన్నాను. తాతయ్య నాకు రెండడుగుల వెనకే నిలబడి ఉన్నారు. ముప్పయ్యేళ్ళు బడిలో పనిచేసిన ఆయనకు ఆ మాత్రం ఇంగ్లీషు రాదనుకోవడానికి ఆధారమేదీ లేదు. ఆయన ముందుకు వచ్చి, మంకీ క్యాపు నోటి మీద నుంచి కిందికి లాగి, నా స్నేహితురాలికేసి చూసి, తరగతిలో సరైన జవాబు చెప్పిన పిల్లను మెచ్చుకునే గొంతుతో అన్నారు:

"కరెక్ట్, కరెక్ట్. దట్ వజ్ మీ ఓన్లీ."

బస్సు వచ్చింది. మేమెక్కాం.

ఆయన వెళ్ళిపోయేదాకా మా మధ్య ఆ ప్రస్తావన మళ్ళీ రాలేదు. మరమరాలు కలిపి పెట్టారు, పటం చుట్టి గొట్టంలో పెట్టకుండా నాకే వదిలి వెళ్ళారు. మరి రెండేళ్ళకు, మళ్ళీ రాకుండానే, పోయారు. ఆ రోజు బస్సు దగ్గర ఆయన నన్ను క్షమించారనీ, అసలు క్షమించవలసింది ఏమీ లేదనుకున్నారనీ నాన్న అంటారు. అది నాన్న అభిప్రాయం. నేను దాన్ని సాక్ష్యంగా తీసుకోలేను.

నేను ఆ రోజు అన్న మాటలను ఒక్కొక్కటిగా విడదీసి చూశాను. పశువుల కొట్టం పక్కన కూర్చున్నది తాతయ్య. నేను కాదు. నేను వర్జీనియాలో పుట్టాను, నాకు ఎవరూ పైనుంచి అన్నం వెయ్యలేదు. నేను ట్రాన్స్‌లేట్ చేశానంతే. ఇందులో ఏ ముక్కనైనా ఎవరైనా, ఏ విధంగానైనా పరీక్షించవచ్చు, నిలుస్తుంది. నా జీవితంలో నేను అన్న మాటల్లో ఇంతకన్నా కచ్చితమైనవి ఎక్కువ లేవు. అబద్ధమై ఉంటే ఏనాడో దిద్దుకునేదాన్ని.